పరీక్షాగదిలో సత్యం: ఆంగ్ల ప్రావీణ్య పరీక్షపై ఒక ధర్మవిచారణ

ఆంగ్ల ప్రావీణ్య పరీక్షల్లో అభ్యర్థి చెప్పిన విషయం నిజమా, కాదా అని ఎవరూ విచారించరు. ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష రెండవ భాగంలో పరీక్షకుడు అభ్యర్థి చేతికి ఒక కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం గడువిచ్చి, ఆ తరువాత ఒకటి రెండు నిమిషాలపాటు ఆగకుండా మాట్లాడమంటాడు. తనకు ఆదర్శంగా నిలిచిన పెద్దల గురించో, మరచిపోలేని ప్రయాణం గురించో, ఇటీవల నేర్చుకున్న పని గురించో చెప్పమని ఆ కార్డు అడుగుతుంది. చేయని ప్రయాణాన్ని చేసినట్టు చెప్పినా, లేని మేనమామను సృష్టించి ఆయన ఔదార్యాన్ని వర్ణించినా మార్కులు తగ్గవు. భాష ధారాళంగా, పొందికగా, తప్పుల్లేకుండా సాగిందా లేదా అన్నదే లెక్కకు వస్తుంది. అందువల్లనే అమీర్‌పేటలోనైనా, విజయవాడలోనైనా శిక్షణ ఇచ్చేవారు ‘నిజమే చెప్పాలని లేదు, మాటలు దొరికేట్టు కల్పించి చెప్పండి’ అని విద్యార్థులకు ధైర్యం చెబుతుంటారు. సత్యమే ధర్మానికి మూలమని చిన్ననాటి నుంచి విని పెరిగిన అభ్యర్థికి ఈ సలహా వినగానే ఎంతో కొంత సంకోచం కలుగుతుంది. ఆ సంకోచాన్ని అమాయకత్వమని కొట్టివేయడం సరికాదు, ఎందుకంటే వాక్కుకూ సత్యానికీ ఉన్న సంబంధం ఎటువంటిది, మాట ఎప్పుడు సాక్ష్యమవుతుంది, ఎప్పుడు కాదు అని భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు తర్కించిన ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో ఎదురవుతున్నది.

ఆంగ్లం తమ భాష కానివారి ప్రావీణ్యాన్ని కొలిచే పరీక్షకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం 1913లో మొదటిసారి నిర్వహించిన ప్రావీణ్య పరీక్షకు కూర్చున్నవారు ముగ్గురే కాగా, ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఉత్తీర్ణులు కాలేదు. అనువాదం, వ్యాకరణం, ఆంగ్ల సాహిత్యంతోపాటు ధ్వనిశాస్త్రం కూడా ఆనాటి ప్రశ్నపత్రాల్లో ఉండేది. అంటే భాషను గురించిన పాండిత్యానికి అప్పట్లో పెద్దపీట వేశారు. 1964లో అమెరికాలో మొదలైన టోఫెల్, 1989లో ఇప్పటి పేరుతో స్థిరపడిన ఐఈఎల్‌టీఎస్, 2009లో వచ్చిన పీటీఈ అకడమిక్ క్రమంగా దృష్టిని మార్చి, భాషతో పని నెరవేర్చుకోగల శక్తిని కొలవడం లక్ష్యంగా పెట్టుకున్నాయి. ఐఈఎల్‌టీఎస్‌లో వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అనే నాలుగు విభాగాలకు 9 బ్యాండ్ల కొలమానం మీద విడివిడిగా స్కోరు ఇస్తారు. 11 నుంచి 14 నిమిషాలు సాగే మౌఖిక పరీక్షలో ధారాళత, పొందిక ఒక ప్రమాణంగా, పదసంపద మరొకటిగా, వ్యాకరణంలోని వైవిధ్యం, శుద్ధి ఇంకొకటిగా, ఉచ్చారణ నాలుగవదిగా పరిగణిస్తారు. ఈ నాలుగింటిలో సత్యం లేదు. అది పొరపాటున జారిపోయిన ప్రమాణం కాదనీ, దాన్ని కొలవనక్కరలేదని తెలిసే విడిచిపెట్టారనీ గ్రహించాలంటే సత్యం అన్నప్పుడు శాస్త్రకారుల ఉద్దేశం ఏమిటో ముందు తెలుసుకోవాలి.

యోగసూత్రాల్లో పతంజలి సత్యాన్ని యమాల్లో, అంటే సాధకుడు ముందుగా పాటించవలసిన నియమాల్లో, అహింస తరువాత రెండవదిగా చెప్పాడు. దానికి వ్యాసుడి పేరున ఉన్న భాష్యం, చూసినది చూసినట్టు, ఊహించినది ఊహించినట్టు, విన్నది విన్నట్టు మాటా మనసూ ఉండటమే సత్యమని నిర్వచించి అక్కడితో ఆగిపోక, అసలు మాట దేనికోసం అన్న ప్రశ్నకు కూడా సమాధానం చెబుతుంది. తనలోని జ్ఞానాన్ని ఎదుటివారిలోకి చేర్చడానికే మాట ఏర్పడింది కనుక అది వంచించేది కాకూడదు, భ్రాంతితో కూడినది కాకూడదు, విన్నవారికి ఏ జ్ఞానమూ కలిగించలేని వట్టి శబ్దమూ కాకూడదు. ఈ మూడవ దోషాన్ని భాష్యం ‘ప్రతిపత్తివంధ్య’ అన్నది. ప్రతిపత్తి అంటే అవగాహన, దాన్ని పుట్టించలేని మాట అని అర్థం. ఈ భాష్యానికి తత్త్వవైశారది అనే వ్యాఖ్య రాసిన వాచస్పతిమిశ్రుడు ఇక్కడ ఇచ్చిన రెండు ఉదాహరణలు ప్రస్తుత విషయానికి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి. వంచించే మాటకు ఆయన చూపినది అశ్వత్థామ మరణం గురించి ద్రోణుడు అడిగినప్పుడు ధర్మరాజు ఇచ్చిన జవాబు. ఆ పేరుగల ఏనుగు చచ్చిపోయిన మాట వాస్తవమే అయినా, తండ్రి మనసులో అది పుట్టించిన జ్ఞానం అబద్ధం. ప్రతిపత్తివంధ్యకు ఆయన చూపినది, పరభాష తెలియనివారి ఎదుట ఆ పరభాషలో మాట్లాడటం.

రెండవ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగవలసి ఉంది. వినేవారికి తెలియని భాషలో ఎంత యథార్థం పలికినా అది సత్యవ్రతం కిందికి రాదని అంగీకరిస్తే, ఒక సమాజంలో బతకదలచినవారు ఆ సమాజపు భాష నేర్చుకోవడం కేవలం జీవనోపాధికి సంబంధించిన విషయంగా మిగలదు. లండన్ ఆసుపత్రిలో రాత్రి విధుల్లో ఉన్న నర్సు, రోగి ఊపిరి ఎప్పటినుంచి బరువెక్కిందో, ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని గంటలకు ఇచ్చారో తెల్లవారి వచ్చిన వైద్యుడికి తేటగా చెప్పలేకపోతే, ఆమె మనసులో ఉన్న యథార్థం మాట దాకా రాలేదన్నమాట. ఆమె సత్యసంధత ఎంత గొప్పదైనా ఆ గదిలో అది నిష్ఫలం. ఈ దృష్టితో చూస్తే ఆంగ్ల ప్రావీణ్యం కోసం సిద్ధపడటం, మరొకరి భాషలో నిజం చెప్పగల శక్తిని సంపాదించుకోవడమే. పరీక్షలో చెప్పే కల్పిత మేనమామ కథ కన్నా ఇది చాలా పెద్ద సంగతి, కాని ఆ కథ లేవనెత్తిన సందేహం తీరితేనే దీని విలువ నిలబడుతుంది.

సందేహం తీరడానికి న్యాయదర్శనం ఒక మార్గం చూపుతుంది. జ్ఞానం కలిగే సాధనాలను న్యాయశాస్త్రం ప్రమాణాలు అంటుంది. వాటిలో రెండు ఇక్కడ అవసరం. మొదటిది శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవారు చెప్పిన మాట వల్ల కలిగే జ్ఞానం. ఆంధ్రుడైన అన్నంభట్టు పదిహేడవ శతాబ్దంలో రచించి, నేటికీ తర్కాభ్యాసానికి తొలి పాఠ్యంగా నిలిచిన తర్కసంగ్రహంలో, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడని, అంటే నమ్మదగినవాడని నిర్వచించాడు. రెండవది అనుమానప్రమాణం, కొండ మీద పొగను చూసి నిప్పు ఉన్నదని తెలుసుకున్నట్టు, కనిపించే ఒక గుర్తును పట్టుకుని కనిపించని దాన్ని తెలుసుకోవడం. ఆ గుర్తును లింగమని, హేతువని అంటారు. ఒకే వాక్యం సందర్భాన్నిబట్టి శబ్దప్రమాణంగానూ పనిచేయవచ్చు, లింగంగానూ పనిచేయవచ్చు. వాకిట్లోకి వచ్చి ‘వాన పడుతోంది’ అన్నవాడి మాట విని లోపలివారు ఆరేసిన బట్టలు తీసుకువస్తే అక్కడ ఆ మాట శబ్దప్రమాణం. అదే మాట విని అతడి గొంతు బొంగురుపోయిందని వైద్యుడు గ్రహిస్తే అక్కడ ఆ మాట లింగం. రెండో సందర్భంలో నిజంగా వాన పడుతున్నదా అన్నది అప్రస్తుతం.

పరీక్షాగదిలో అభ్యర్థి మాట ఈ రెండవ స్థితిలో ఉంటుంది. మేనమామ ఎటువంటివాడో తెలుసుకోవడానికి పరీక్షకుడు ప్రశ్న వేయలేదు, చెప్పింది విని ఆయన్ను గురించి ఏ నమ్మకమూ ఏర్పరచుకోడు, ఆ సంగతి అభ్యర్థికీ తెలుసు, అభ్యర్థికి తెలుసునన్నది పరీక్షకుడికీ తెలుసు. సాక్ష్యం అడగని చోట, సాక్ష్యంగా స్వీకరించని చోట చెప్పిన కల్పన ఎవరిలోనూ అబద్ధజ్ఞానం పుట్టించదు కనుక అది వంచన కాదు. ఎరిగి ఎరిగి, ఒక ప్రయోజనం కోసం లేనిదాన్ని ఉన్నట్టు తలచడాన్ని నైయాయికులు ‘ఆహార్యం’ అంటారు. నిప్పే లేకపోతే పొగ కూడా ఉండకూడదు గదా అని తర్కించేవాడు నిప్పు ఉన్నదని తెలిసీ లేదని ఒక క్షణం ఆరోపించుకుంటాడు, దానివల్ల అతడు భ్రాంతుడూ కాడు, అసత్యవాదీ కాడు. కార్డు మీది ప్రశ్నకు కల్పించి చెప్పిన జవాబు ఈ కోవలోకి చేరుతుంది. అభ్యర్థి సంకోచం న్యాయమైనదే గాని, దాని లక్ష్యం తప్పు చోట పడింది.

ఇంతవరకు అంగీకరిస్తే తరువాతి మెట్టు తప్పదు, అది చాలామందికి రుచించకపోవచ్చు. లింగంగా నిలిచిన మాటకు తనదైన ఒక సత్యం ఉంది. మేనమామ ఉన్నాడని ఆ మాట హామీ ఇవ్వదు, కాని ‘ఈ వాక్యాలు ఇప్పుడు ఇక్కడ నా శక్తి నుంచి పుడుతున్నాయి’ అని మాత్రం హామీ ఇస్తుంది. పరీక్షకుడు నమ్మేదీ, విశ్వవిద్యాలయమో ఆసుపత్రో ఆధారపడేదీ ఆ హామీ మీదే. శిక్షణ కేంద్రం పంచిన మూస జవాబును బట్టీ పట్టి, ప్రశ్నకు తగినట్టు రెండు పదాలు మార్చి అప్పజెప్పిన అభ్యర్థి ఆ హామీని భంగపరుస్తున్నాడు. ఆ జవాబులోని ప్రతి వాక్యమూ వాస్తవమే కావచ్చు; కాలుష్యం పెరుగుతున్నదనీ, విద్య అందరికీ అందాలనీ అందులో రాసి ఉండవచ్చు; అయినా దాన్ని చదివినవారి మనసులో పుట్టే జ్ఞానం, అంటే ఇతడికి ఇంత భాష వచ్చు అన్న జ్ఞానం, అబద్ధం. వాచస్పతిమిశ్రుడు ధర్మరాజు మాటలో పట్టుకున్న దోషం ఇదే. కనుక లోకం అబద్ధమనుకుంటున్న కల్పిత కథ ఇక్కడ నిర్దోషం, లోకం నిర్దోషమనుకుంటున్న బట్టీ జవాబు ఇక్కడ అసత్యం.

ఈ నిర్ణయాన్ని న్యాయశాస్త్రంలోని ‘ఉపాధి’ అనే భావన మరింత స్పష్టం చేస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం సరైన అనుమానం. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందనడం మాత్రం సరికాదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. నిప్పుతోపాటు పచ్చి కట్టె కూడా కలిసినప్పుడే పొగ వస్తుంది. పొగ ఉన్న ప్రతిచోటా ఉండి, నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండని ఆ పచ్చి కట్టె సంయోగమే అక్కడ ఉపాధి. అంటే అనుమానానికి పైకి కనపడకుండా ఆధారమై, అది లోపిస్తే అనుమానాన్ని కూలదోసే నిబంధన. పొందికైన వ్యాసం కనిపించింది కనుక భాషాశక్తి ఉన్నదని ఊహించడంలోనూ అటువంటి నిబంధన ఒకటి దాగి ఉంది: ఆ వ్యాసం అక్కడికక్కడ రచించినదై ఉండాలి. పరీక్షను రూపొందించినవారు ఈ సంగతి ఎరిగినవారు. ముందుగా తెలియని ప్రశ్న ఇవ్వడం, ఆలోచనకు ఒకే నిమిషం వదలడం, మౌఖిక పరీక్ష మూడవ భాగంలో అభ్యర్థి చెప్పినదాన్నే పట్టుకుని కొత్త ప్రశ్నలు వేయడం, ఇవన్నీ ఆ నిబంధనను కాపాడే ఏర్పాట్లే. ఐఈఎల్‌టీఎస్ రాతపరీక్షలో 250 పదాలకు తగ్గకుండా రాయవలసిన వ్యాసాన్ని పూర్తిగా కంఠస్థం చేసి రాసినట్టు రుజువైతే దానికి సున్నా బ్యాండు ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. దాన్ని శిక్షగా చూసేవారు ఎక్కువ. నిజానికి అది తర్కం. ఉపాధి లేనిచోట హేతువు దేనినీ నిరూపించదు కనుక ఆ కాగితం అభ్యర్థిని గురించి ఏమీ చెప్పలేదు.

రాతపరీక్షలోని అభిప్రాయ వ్యాసం మరొక చిక్కు తెస్తుంది. ఒక వాదానికి అనుకూలమో ప్రతికూలమో తేల్చి రాయమన్నప్పుడు, అభ్యర్థి తాను నిజంగా నమ్మినదాన్ని విడిచిపెట్టి, తనకు వాక్యాలు సులువుగా దొరికే పక్షాన్ని ఎంచుకోవడం సరేనా? పైన చెప్పిన తర్కం ప్రకారం అందులో వంచన లేదు. పూర్వపక్షాన్ని, అంటే తాను ఖండించబోయే ఎదుటిపక్షాన్ని, దాని అసలు వాదుల కన్నా బలంగా ప్రతిపాదించి చూపడం మన శాస్త్రగ్రంథాల్లో పాండిత్యానికి గుర్తు. తాను ఒప్పుకోని సిద్ధాంతాన్ని విచారణ కోసం తాత్కాలికంగా ఒప్పుకుని ముందుకు సాగడాన్ని కూడా న్యాయశాస్త్రం అనుమతించింది. అయినా ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పూర్వపక్షం రాసిన పండితుడికి సిద్ధాంతం ఏదో తెలుసు; ఏ పక్షమైనా ఒకటేనన్న అలవాటు నెలల తరబడి పడితే, కొంతకాలానికి తాను నమ్మేది ఏదో తెలియని స్థితి రావచ్చు. ఐతరేయోపనిషత్తు శాంతిపాఠంలో వాక్కు మనస్సులోనూ, మనస్సు వాక్కులోనూ నిలిచి ఉండాలన్న ప్రార్థన ఉన్నది. సిద్ధపడుతున్న రోజుల్లో వారానికి ఒక్క వ్యాసమైనా, కష్టమైనా సరే, తాను మనస్ఫూర్తిగా నమ్మిన పక్షాన రాయడం అభ్యర్థికి ఈ ప్రార్థన నేర్పే క్రమశిక్షణ. అలా రాసినప్పుడే చేతిలో ఉన్న పదాలు చాలవని తెలుస్తుంది, కొత్త పదం కోసం నిజమైన వెదుకులాట మొదలవుతుంది.

బట్టీ జవాబును అసత్యమన్నప్పుడు, కంఠస్థం చేయడమే విద్యగా వేల ఏళ్లు సాగిన సంప్రదాయం దానికి అభ్యంతరం చెప్పదా అన్న ప్రశ్న వస్తుంది. వేదాన్ని పద, క్రమ, జట, ఘన పాఠాలతో అక్షరం తప్పకుండా కాపాడినవారిని, అమరకోశాన్ని ఐదారేళ్ల వయసులో నోటికి పట్టించిన వీధిబడులను తలచుకుంటే ఆ ప్రశ్న సహజమే. కాని వేదపాఠకుడు తాను చెబుతున్న మంత్రం తన రచన అని ఎన్నడూ సూచించడు. అతడు కాపాడుతున్నది మరొకరి నుంచి వచ్చిన శబ్దాన్ని, ఆ సంగతి వినేవారందరికీ తెలుసు. అమరకోశం నేర్చినవాడు దాన్ని జవాబుగా అప్పజెప్పడానికి నేర్వలేదు, అవసరమైన చోట అవసరమైన పదం తనంతట తానే నాలుక మీదికి రావడానికి నేర్చాడు. ఈ భేదం తెలుగువారి అవధాన విద్యలో కనిపించినంత స్వచ్ఛంగా మరెక్కడా కనిపించదు. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, ఎనిమిదిమంది ఎనిమిది వైపుల నుంచి పరీక్షిస్తారు. దత్తపదిలో తమకు తోచిన పదాలిచ్చి అవి ఇమిడేలా పద్యం చెప్పమంటారు, నిషిద్ధాక్షరిలో అక్షరం తరువాత అక్షరాన్ని నిషేధిస్తూ పోతారు, సమస్యలో అసంగతమైన పాదం ఇచ్చి సంగతం చేయమంటారు, మధ్యలో అప్రస్తుతప్రసంగం చేసేవారు ధ్యాస చెదరగొట్టడానికి ప్రయత్నిస్తారు. తిరుపతి వేంకట కవుల వంటివారు ఊరూరా సభలు జరిపి ఈ విద్యను సామాన్యుల దాకా తెచ్చారు. అవధాని వెనుక వేల పద్యాల ధారణ ఉంటుంది, ఛందస్సు గణాలు లెక్కపెట్టనక్కరలేనంతగా వశమై ఉంటుంది. అయినా ముందే రాసి తెచ్చుకున్న పద్యాన్ని సభలో ఆశువుగా చదివితే అది అవధానికి తీరని అప్రతిష్ఠ. ధారణ ఎంతైనా ఉండవచ్చు, ఉండాలి కూడా. రచన మాత్రం ఆ క్షణానిదై ఉండాలి. ఆంగ్ల ప్రావీణ్య పరీక్షకు సిద్ధపడేవారు పదాలను, పలుకుబళ్లను, వాక్యాల పోహళింపును ఎంత కంఠస్థం చేసినా దోషం లేదు. జవాబును కంఠస్థం చేయడంలోనే దోషం ఉంది.

ఉచ్చారణ విషయంలో ధర్మప్రశ్న వేరొక రూపం తీసుకుంటుంది. భాషను సరిహద్దు దగ్గర జల్లెడగా వాడిన అతి పాత కథ బైబిలులోని న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. యొర్దాను నది రేవుల దగ్గర గిలాదువారు కాపు కాసి, దాటబోయిన ప్రతివాడినీ ‘షిబ్బోలెతు’ అనమని అడిగి, మొదటి అక్షరం సరిగా పలకలేక ‘సిబ్బోలెతు’ అన్న ఎఫ్రాయిమీయులను పట్టుకుని చంపారు. ఆ యుద్ధంలో 42,000 మంది పడిపోయారని ఆ గ్రంథం చెబుతుంది. అక్కడ పరీక్షించినది మాట్లాడే శక్తిని కాదు, పుట్టుకను. నేటి పరీక్షల ఉచ్చారణ ప్రమాణం దీనికి పూర్తిగా భిన్నమైనదై ఉండాలి, కొలమానం రాసుకున్న తీరు చూస్తే భిన్నమైనదే: ఆంగ్లేయుడిలా పలకడాన్ని అది కోరదు, వినేవారికి శ్రమ లేకుండా అర్థమవడాన్ని కోరుతుంది. తెలుగువారి యాసను ఒక కళంకంగా భావించి, దాన్ని కడిగివేస్తామని చెప్పే శిక్షణ ఈ ప్రమాణాన్ని తప్పుగా చదివినట్టే లెక్క. దిద్దుకోవలసినవి వేరే ఉన్నాయి. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఉచ్చారణ శాస్త్రాన్ని వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం అనే ఆరు అంశాలుగా విభజించింది. ధ్వని, స్వరభేదం, అక్షరం నిలిచే కాలం, పలికే ప్రయత్నంలోని ఒత్తు, ఒడిదుడుకులు లేని గతి, ఒక శబ్దం మరొకదానితో కలిసే తీరు అని వాటిని వివరించవచ్చు. అజంతమైన తెలుగు, అంటే పదాలు ఎక్కువగా అచ్చుతో ముగిసే భాష, అలవాటైనవారు ఆంగ్లపదం చివర ‘ఉ’కారం చేర్చడం వర్ణానికి సంబంధించిన లోపం, పదంలో ఏ భాగం మీద ఊనిక పడాలో పట్టించుకోకపోవడం బలానికి సంబంధించిన లోపం. పాణినీయ శిక్ష అధమ పాఠకుల లక్షణాలు చెబుతూ వేగంగా చదివేవాడిని, రాసినదాన్ని చూసి చదివేవాడిని, అర్థం తెలియకుండా చదివేవాడిని ఒకే వరుసలో నిలబెట్టింది. వేగాన్నే ధారాళత అనుకునే అభ్యర్థులు ఎందరో ఉన్న ఈ కాలంలో ఆ వరుస మళ్లీ చదవదగినది.

ఫలాపేక్ష విషయంలో అభ్యర్థులకు పెద్దలు సాధారణంగా గీతను ఉపదేశిస్తారు. అప్పు చేసి ఫీజు కట్టిన కుటుంబానికి ఆ ఉపదేశం అప్పటికప్పుడు మింగుడుపడదు. పైగా ఈ పరీక్ష స్వభావరీత్యా ఫలాన్ని కోరి చేసే పని. మీమాంసకులు దీనికి కచ్చితమైన పరిభాష ఏర్పరచారు. ప్రతిదినం విధిగా చేయవలసినది నిత్యకర్మ, ఒక కోరిక నెరవేరడానికి చేసేది కామ్యకర్మ. నిత్యకర్మను శక్తి ఉన్నంత మేరకు చేసినా చాలు, కామ్యకర్మలో మాత్రం అంగాలన్నీ, అంటే ప్రధాన కర్మకు తోడ్పడే క్రియలన్నీ, లోపం లేకుండా జరిగితేనే ఫలం దక్కుతుంది. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కోరేవారికి అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ వినడం, చదవడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 చొప్పున విడివిడిగా అడుగుతుంది, వినడంలో 8.5 వచ్చిందని రాయడంలోని 6ను క్షమించదు. సగటును చూసి తృప్తిపడే అభ్యర్థి నిత్యకర్మ నియమాన్ని కామ్యకర్మకు వర్తింపజేస్తున్నాడు. ఈ మధ్య ఐఈఎల్‌టీఎస్‌లో ఒకే విభాగాన్ని మళ్లీ రాసే అవకాశం వచ్చింది, యజ్ఞంలో అంగలోపానికి ప్రాయశ్చిత్తం విధించినట్టే అది పనిచేస్తుంది. కాని దాన్ని అంగీకరించాలా వద్దా అన్నది స్కోరు అడిగిన సంస్థ నిర్ణయం.

భాషాభ్యాసంలో నిత్యకర్మ భాగం కూడా ఒకటి ఉంది, దాన్ని పతంజలి మరోచోట స్పష్టం చేశాడు. అభ్యాసం గట్టిపడాలంటే అది దీర్ఘకాలం సాగాలి, నడుమ తెగిపోకూడదు, ఆదరంతో చేయాలి. పదిహేను రోజుల్లో 7 బ్యాండు అన్న ప్రకటనలు మొదటి షరతునే కాదంటాయి. ఇక మూడవ షరతు, ఆదరం, శిక్షణ కేంద్రాల ప్రణాళికల్లో కనిపించనే కనిపించదు. ఆంగ్లాన్ని గేటు దాటించే యంత్రంగా చూసినంతకాలం దాని వాక్యం మీద, దాని కవుల మీద, ఆ భాషలో బతికే మనుషుల మీద ఆదరం పుట్టదు, ఆదరం లేని అభ్యాసం పరీక్ష ముగిసిన మరునాడే సడలిపోతుంది. స్కోరు రెండేళ్లే చెల్లుతుందన్న నియమం వెనుక ఉన్నది ఈ గ్రహింపే. అభ్యాసం వల్ల ఆత్మలో ఏర్పడే సంస్కారం, అంటే అనుభవం మిగిల్చే ముద్ర, వాడకం లేకపోతే కాలక్రమంలో క్షీణిస్తుందని నైయాయికులు కూడా ఒప్పుకున్నారు.

పీటీఈలో జవాబులను దిద్దేది ప్రధానంగా యంత్రం. అర్థం చేసుకునే చైతన్యం లేని శ్రోత ఎదుట మాట్లాడటం వాక్కు అవుతుందా అన్నది విడిగా గ్రంథం రాయదగిన ప్రశ్న. ఇక్కడ ఒక్క మాట చాలు: వినేది యంత్రమైనా ఆ స్కోరును నమ్మేది మనుషులే కనుక పైన చెప్పిన హామీ అక్కడా సడలదు, యంత్రాన్ని మభ్యపెట్టిన వంచన మనుషులకే తగులుతుంది.

చివరగా స్కోరుకూ మనిషికీ ఉన్న సంబంధం. మూడుసార్లు రాసినా 6 దాటని అభ్యర్థి తనను తానే 6గా భావించుకోవడం తరచుగా జరుగుతున్నది, ఇంట్లోవారి మాటలు దాన్ని మరింత పెంచుతున్నాయి. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరకు వెళ్లి, వేదాలు, ఇతిహాసపురాణాలు, గణితం, తర్కం మొదలుకొని తాను నేర్చిన విద్యలన్నీ వరుసగా చెప్పి, ఇన్ని నేర్చినా దుఃఖం తీరలేదని విన్నవిస్తాడు. అవన్నీ నామమేనని సనత్కుమారుడు అంటాడు, అయితే నామాన్ని పారవేయమని అనడు. నామం కన్నా వాక్కు గొప్పదని, వాక్కు కన్నా మనస్సు గొప్పదని మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోతాడు. బ్యాండు కొలిచేది బయటికి వినిపించే పరభాషా వాక్కును, అందులోనూ మూడు గంటల్లోపు బయటపడ్డ భాగాన్ని. మనస్సు దాని కొలతకు అందదు, మనస్సుకు సాక్షి అయినది అసలే అందదు. మళ్లీ రాయవలసి వచ్చిన కొడుకునో కోడలినో నలుగురిలో తక్కువ చేసి మాట్లాడే కుటుంబం, అనుమానప్రమాణానికి ఉన్న పరిధి దాటి తీర్పు చెబుతున్నది.

శిక్షణ ఇచ్చేవారికి ఈ విచారణ నుంచి ఒక విన్నపం మిగులుతుంది. కల్పించి చెప్పమని విద్యార్థికి ఇచ్చే సలహాలో అధర్మం లేదు, దాన్ని నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. రాసిపెట్టిన జవాబుల ప్రతులు పంచడం మాత్రం మానాలి. వాటి స్థానంలో రోజుకొక కొత్త ప్రశ్న ఇచ్చి, ప్రతి విద్యార్థి చేత పది నిమిషాలైనా సొంత వాక్యాలతో మాట్లాడించి, ఓపికగా విని దిద్దాలి. అందుకు తరగతిలో కూర్చునేవారి సంఖ్య తగ్గాలి, కోర్సు గడువు పెరగాలి, ప్రకటనల్లోని వాగ్దానాలు మారాలి. విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ చేరేముందు శిక్షణ కేంద్రాన్ని అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఇక్కడ జవాబులు ఇస్తారా, మాట్లాడిస్తారా?